తొమ్మిదింట ఒక వంతు బుల్లెట్టు

నాగాయలంకలోని మా పాత ఇంటి అటక మీద నలభై యేళ్ళకు పైగా ఒక వస్తువు గోనెపట్టాలో చుట్టి ఉండేది. దానిని ఎవరూ దించేవారు కారు, పారవేసేవారూ కారు. ప్రతి సంక్రాంతికి అటక దులిపినప్పుడు మా అమ్మ దాని చుట్టూ దులిపి, దానిని మాత్రం ముట్టకుండా దిగివచ్చేది. అది బుల్లెట్టు మోటారుసైకిలు హెడ్‌లైటు డూము. మధ్యలో పెద్ద దీపం ఉండవలసిన గుండ్రని ఖాళీ, దానికి ఇరువైపులా చిన్న దీపాల కోసం రెండు కన్నాలు, పైన మీటరు బిగించే తావు. లోపలి మూలల్లో ఉప్పుటేటి బురద ఎండి రాయిలా గట్టిపడి ఉండేది.

ఆ బండి మా పెదనాన్నగారిది. 1977 నవంబరు 19, శనివారం. ఉదయం నుంచీ ఈదురుగాలి. సముద్రం దాపునున్న ఒక పల్లెలో మా మేనత్త కాపురం ఉండేది. ఆమెను, పిల్లలను తీసుకువస్తానని ఆయన బండి మీద బయలుదేరారు. ఆ మధ్యాహ్నం తరువాత జరిగినది దివిసీమలో పుట్టిన వారికి చెప్పనక్కరలేదు. తుపాను చీరాల ప్రాంతంలో తీరం దాటింది, ఉప్పెన మా మీద పడింది. సర్కారు లెక్క సుమారు పదివేలమంది అంది. లెక్కకు రానివారు ఎందరో! ఆ లెక్కలో మా ఇంటివారు అయిదుగురు. కొన్ని వారాల తరువాత బండి ఒక చేలో ఒండ్రులో కూరుకొని దొరికింది. తుక్కు కొనేవాడు ఎత్తుకుపోతూ ఉంటే మా పెద్దమ్మ ఒక్క మాట మాట్లాడకుండా ఆ డూమును మాత్రం విప్పించి తెచ్చుకొంది. అప్పటికి నాకు ఆరేళ్ళు.

మూడేళ్ళ క్రిందట పాత ఇల్లు పడగొట్టవలసి వచ్చినప్పుడు ఆ గోనెపట్టా నా చేతికి వచ్చింది. డూము ఉంది గనుక దాని వెనుక ఉండవలసిన బండిని మళ్ళీ నిలబెట్టాలనిపించింది. అసలు బండి కొని బాగుచేసే స్తోమత గానీ, చోటు గానీ నాకు లేవు. అందుకని చిన్న నమూనా కట్టాలనుకొన్నాను. ఈ టపా ఆ పనికి సంబంధించినది. పని చేస్తూ పోగా అది చరిత్ర పాఠమైపోయింది.

*

ప్లాస్టిక్కు ముక్కలు అతికించి నమూనాలు కట్టే ఈ విద్య మరీ పాతదేమీ కాదు. ఇంగ్లండులో నికోలస్ కోవ్ అనే హంగరీ దేశస్థుడు 1939లో ఎయిర్‌ఫిక్స్ కంపెనీ పెట్టాడు. ఆ కంపెనీ చేసిన మొదటి నమూనా 1949 నాటి ఫెర్గూసన్ ట్రాక్టరు. అది పిల్లల కోసం చేసినది కాదు, ట్రాక్టర్లు అమ్మే ఏజెంట్లు రైతులకు చూపించుకోవడానికి చేయించినది. జపానులో తమియా వారు 1946లో కలప కోతమిల్లుగా మొదలై, చెక్క బొమ్మల మీదుగా 1960లో ప్లాస్టిక్కు యుద్ధనౌక యమాటోకు వచ్చారు. మోటారుసైకిళ్ళ విషయంలో నన్ను ఎక్కువగా కదిలించినవాడు ఇటలీ రేసరు తార్కీనియో ప్రొవీని. 1957లోను, 1958లోను ప్రపంచ విజేత. 1966లో ఐల్ ఆఫ్ మాన్ పందెంలో పడి వెన్ను దెబ్బతిన్నది, పందేలు ముగిశాయి. ఆయన ఇంటిపేరు, పేరు కలిపి ప్రొటార్ అయింది. ఆ పేరుతో మోటారుసైకిళ్ళ నమూనాలు ప్రపంచమంతా వెళ్ళాయి. ఎక్కలేని బండిని చేతిలో పట్టేటంత చేసుకొన్న మనిషి! ఆయన కొలత తొమ్మిదింట ఒక వంతు. అడుగును అంగుళం చేసే పన్నెండింట ఒక వంతు కొలత చాలామందికి అలవాటు. అయితే నా కళ్ళకు, నా వేళ్ళకు ప్రొవీని కొలతే అనువుగా తోచింది.

చిక్కు ఏమిటంటే, ఆ కొలతలో బుల్లెట్టు కిట్టు నాకు దొరకలేదు. కొత్త క్లాసిక్కు నమూనాలు బజారులో ఉన్నాయి. 2022లో ఆ కంపెనీవారే మూడింట ఒక వంతు కొలతలో ఒకటి విడుదల చేశారు కూడా. కానీ అది మా పెదనాన్నగారి బండి కాదు. చివరకు ఇటలెరి వారి ట్రయంఫ్ 3హెచ్‌డబ్ల్యూ కిట్టు తెప్పించుకొన్నాను. అది రెండవ ప్రపంచయుద్ధంలో బ్రిటిషు సైన్యానికి చేసిన బండి. ఒకే సిలిండరు, 70 మిల్లీమీటర్ల బోరు, 343 సీసీలు. బుల్లెట్టుదీ అదే బోరు, 346 సీసీలు. ఎత్తూ పొడవూ చూస్తే అన్నదమ్ముల బిడ్డలు. ఒకదానిని రెండవదిగా మార్చవచ్చునని ధైర్యం చేశాను.

మార్చడం మొదలుపెట్టిన తరువాత గానీ ఆ రెండు బండ్ల మధ్య ఏడేళ్ళలో ఏమి జరిగిందో నాకు తెలియలేదు. 1942 నాటి ట్రయంఫుకు వెనుక చక్రం చట్రానికి కదలకుండా బిగించి ఉంటుంది, గోతిలో పడితే ఆ దెబ్బ తిన్నగా వెన్నుకే. ముందు ఫోర్కులు పాతకాలపు గర్డరు రకం, మధ్యలో ఒకే ఒక స్ప్రింగు. 1949 బుల్లెట్టుకు వెనుక చక్రం పైకీ క్రిందికీ ఆడుతుంది, రెండు పక్కలా షాకబ్జార్బర్లు. ముందు ఫోర్కులు గొట్టంలో గొట్టం దూరే రకం. ట్రయంఫుకు ఇంజనాయిలు ట్యాంకు విడిగా సీటు క్రింద ఉంటుంది. బుల్లెట్టుకు అది లేదు, ఇంజను పెట్టెలోనే వెనుక భాగాన నూనె ఉంటుంది. కనుక ట్యాంకును కోసివేశాను. బుల్లెట్టు ఇంజను క్రింద చట్రపు గొట్టాలు ఉండవు, ఇంజనే చట్రంలో ఒక ముక్క. కనుక క్రింది గొట్టాలనూ కోసివేశాను. మిగిలినది చూస్తే కిట్టులో సగం బల్ల మీద చెత్తగా పడి ఉంది. ఇంజనీర్లు డ్రాయింగు కాగితం మీద చేసిన ఆలోచన నాకు రంపపు పొట్టులో అర్థమయింది. మా ఊరి కరకట్టల మీద, వానకు తెగిన మట్టి దారుల మీద బుల్లెట్టు ఎందుకు నిలిచిందో ఆ వెనుక చక్రమే చెబుతుంది.

*

చిన్న వివరాల కోసం దూరం వెళ్ళనవసరం లేకపోయింది. చక్రానికి నలభై చొప్పున రెండింటికీ ఎనభై చువ్వలు. అసలు చువ్వ మందాన్ని తొమ్మిదితో భాగిస్తే 0.4 మిల్లీమీటర్ల లోపు. కిట్టులోని చువ్వలు చీపురుపుల్లల్లా ఉన్నాయి. బందరు పక్కనే చిలకలపూడి ఉండగా చింత ఏమిటి? రోల్డుగోల్డు గొలుసులు చేసే ఒక పనివాడి దగ్గర సన్నని ఇత్తడి తీగ, మిరియపు గింజలో సగం ఉండే కడియాలు తెచ్చుకొన్నాను. ఎందుకని అడిగి, విని, నవ్వి, తీగను సాగదీసి తిన్నగా చేసే ఉపాయం చెప్పాడు: ఒక కొస పట్టుకారుతో బిగించి, రెండవ కొసను ఒక్క గుంజు గుంజాలి. అది తెలియక నేను పదిహేను రోజులు వంకర చువ్వలతో కుస్తీపట్టాను. ముందు ఫోర్కులకు బాల్‌పెన్నుల ఇత్తడి రీఫిళ్ళు కోశాను. క్లచ్చి తీగకు, బ్రేకు తీగకు మా ఊరి రేవులో వలలు అల్లే నైలాను దారం నల్లరంగు వేస్తే సరిగ్గా సరిపోయింది.

ముక్కల మధ్య సందులు పూడ్చడానికి విదేశీ లప్పం ట్యూబులు ఉన్నాయి. అయితే కొండపల్లి బొమ్మల పనివారు ఇదే పనిని ఎన్నో తరాలుగా చేస్తున్నారు. తెల్లపొణికి కర్రతో చేతులూ కాళ్ళూ విడివిడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, సందులు పూడ్చి, రంగు వేస్తారు. విడిభాగాలు, అతుకు, పూత: కిట్టులో ఉన్నది ఈ మూడే గదా! ప్లాస్టిక్కుకు మక్కు పట్టదు గనుక నేను ట్యూబే వాడాను. కానీ గరుకు కాగితంతో రుద్దుతున్నంతసేపూ ఆ పనివారే గుర్తుకు వచ్చారు.

*

ఇక రంగు. ఇక్కడ ఒక ఇంటి ఐతిహ్యం అడ్డు తగిలింది. పెదనాన్నగారిది అసలైన ఇంగ్లీషు బండి అని, ఓడలో వచ్చిందని మా ఇంట్లో చెప్పుకొనేవారు. ఉన్న ఒక్క ఫొటో నలుపు తెలుపు. ఆయన బండి మీద కూర్చొని కాలు నేల మీద పెట్టి నవ్వుతూ ఉంటారు. తీసినవాడు ముందునుంచి తీశాడు. అందుకని వెనుక భాగం ఏమీ కనబడదు.

అవనిగడ్డలో ఆ రోజుల్లో ఆయన బండి చూసిన మెకానిక్కు ఉన్నారని తెలిసి వెళ్ళాను. వయసు ఎనభై దాటింది, షెడ్డు మనవడు నడుపుతున్నాడు. నేను డూమును బల్ల మీద పెట్టగానే ఆయన దాని అంచు మీద వేలు త్రిప్పి, ఒక సొట్ట దగ్గర ఆపారు.

“ఈ సొట్ట నేను తీసిందే బాబూ. సరిగ్గా రాలేదని మీ పెదనాన్నగారు నాతో రెండు రోజులు మాట్లాడలేదు.”

తరువాత ఇనుప పెట్టెలోనుంచి జిడ్డుపట్టిన ఒక పుస్తకం తీయించారు. బండి కొన్నప్పుడు కంపెనీవారు ఇచ్చిన సూచనల పుస్తకం. పెదనాన్నగారు బాగుచేయడానికి ఇచ్చి మళ్ళీ తీసుకోలేదట. అట్ట మీద ఎన్‌ఫీల్డ్ ఇండియా లిమిటెడ్, మద్రాసు అని ఉంది.

ఐతిహ్యం అక్కడితో ముగిసింది. ఆయన బండి కొన్నది 1968లో. రెడ్డిచ్‌లోని ఇంగ్లీషు కర్మాగారం 1967లోనే మూతపడింది. భారత సైన్యానికి బుల్లెట్లు కావలసివచ్చి, 1955లో మద్రాస్ మోటార్స్ వారు రెడ్డిచ్ కంపెనీతో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టారు. మొదట్లో బండ్లు విడిభాగాలుగా ఓడలో వచ్చేవి, మద్రాసులో బిగించేవారు. తరువాత అచ్చులు, పనిముట్లు వచ్చాయి. క్రమంగా ముక్కలన్నీ తిరువొత్తియూరులోనే తయారయ్యాయి. అంటే ఓడలో వచ్చిన మాట పూర్తిగా అబద్ధం కాదు, పదమూడేళ్ళు పాతబడిన నిజం. మన దేశంలో బిగించిన తొలి బుల్లెట్టే ఒక కిట్టు! నేను గదిలో కూర్చొని చేస్తున్న పనిని ఆనాడు అక్కడ అసలు కొలతలో చేశారు. పుట్టినింట ఆరిపోయిన దీపం మెట్టినింట వెలుగుతూ ఉన్నది.

రంగు నలుపేనని, ట్యాంకు మీద బంగారు గీతలు చేత్తో గీసినవని మెకానిక్కుగారు చెప్పారు. కుంచెలో మూడు వెంట్రుకలు మాత్రం ఉంచి ఆ గీతలు గీశాను. ఊపిరి బిగబట్టి గీసినా ఒకటి వణికింది. దానిని అలాగే ఉంచాను.

*

నమూనాలు కట్టేవారికి ఒక ఆచారం ఉంది. బండి కొత్తదానిలా వదిలివేయక దుమ్ము, తుప్పు, బురద పూసి బ్రతికిన బండిలా చేస్తారు. అది చక్కని విద్య. నేను కూడా అటక మీది డూములోని ఎండిన బురదనే గీకి పొడి చేసి, సీసాలో పోసి సిద్ధంగా పెట్టుకొన్నాను. చేలో దొరికిన బండిని చేయాలని నా ఊహ. అంతకంటె నిజమైన రంగు ఎక్కడ దొరుకుతుంది?

ఒక రాత్రి ఊరకే లెక్క వేశాను. ఉప్పెన ఎత్తు సుమారు అయిదు మీటర్లు. తొమ్మిదితో భాగిస్తే 55 సెంటీమీటర్లు. టేపు తీసి బల్ల మీద నిలబెట్టాను. బండి ఎత్తు 12 సెంటీమీటర్లు. టేపు నా గడ్డం దాటి పైకి వచ్చింది. చిన్నప్పటినుంచి తాటిచెట్టంత అల అని విన్నాను, పదివేలమంది అని చదివాను. అవి నాకు మాటలుగానే మిగిలాయి. ఆ టేపు పక్కన నల్లగా మెరుస్తున్న ఆ చిన్న బండిని చూసినప్పుడు మాత్రం లేచి దీపం ఆర్పి బయటకు వెళ్ళిపోయాను. మరునాడు బురద సీసాకు మూత బిగించి లోపల పెట్టాను. ఆయన బయలుదేరిన ఉదయం బండి ఎలా ఉన్నదో అలా చేయాలని నిశ్చయించుకొన్నాను.

పూర్తయిన బండిని పెద్దమ్మకు చూపించాను. ఆమెకు ఎనభై ఆరేళ్ళు. చూపు తగ్గింది. ఒళ్ళో పెట్టుకొని, వేళ్ళతో తడిమింది. డూము, ట్యాంకు, కిక్కురాడు. చాలాసేపు ఏమీ అనలేదు. ఇంగ్లండు కాదు, మద్రాసు అని నేను చెబితే, “ఆయన ఎప్పుడన్నాడ్రా ఇంగ్లండని? ఊళ్ళోవాళ్ళు అన్నారు, ఈయన కాదనలేదు” అంది. వేళ్ళు సీటు మీదకు వెళ్ళాయి, దాని వెనుకకు వెళ్ళాయి, అక్కడ మడ్‌గార్డు మీద వెతికాయి.

“వెనక సీటేదిరా?”

కిట్టులోని సైనికుడి బండికి ఒకే సీటు. ఫొటోలో వెనుక భాగం కనబడదు. పుస్తకంలో బొమ్మ నూనె మరకలో పోయింది. మెకానిక్కుగారిని నేను అడగలేదు.

“బందరు సినిమాకి నేను దేనిమీద వెళ్ళాననుకున్నావు? నల్లసీటు, కింద రెండు స్ప్రింగులు. గతుకులో పడితే చీర కొంగు చక్రంలో పడుతుందేమోనని ప్రాణం చేత్తో పట్టుకునేదాన్ని.”

చిలకలపూడి తీగ ఇంకా మిగిలే ఉంది. స్ప్రింగులు చుట్టడానికి రెండు రోజులు, సీటుకు తోలు అతకడానికి ఒక రోజు పట్టింది. ఇప్పుడు బండి ఆమె మంచం పక్కన గూట్లో ఉంది. గోనెపట్టాలోని డూము కూడా అక్కడే, దాని వెనుకే ఉంది.