రెండో తాళంచెవి: నరసన్నపేట డీటీపీ కేంద్రాలు, సాఫ్ట్‌వేర్ లాకు, కొన్నవారి బ్యాకప్ హక్కు

కాపీరైటు మీద తెలుగులో వచ్చే వ్యాసాలు చాలామటుకు పైరసీతో మొదలై పైరసీతోనే ముగుస్తాయి. దొంగ సీడీలు, పోలీసు దాడులు, జప్తులు, నిర్మాత నష్టం. డబ్బు చెల్లించి, రసీదు తీసుకుని, అసలు ప్రతినే కొన్న మనిషి వాటిలో కనిపించడు. కనిపించినా అనుమానితుడిగానే కనిపిస్తాడు. ఆ మనిషి ఇంకో ప్రతి తీసి దాచుకోవచ్చా, అమ్మినవాడు అడ్డంగా లాకు పెడితే దాన్ని దాటవచ్చా అన్న ప్రశ్నను మన పరిశోధకులు ఇన్నేళ్లూ ఎత్తుకోలేదు. నరసన్నపేట డీటీపీ కేంద్రాల్లో ఆపరేటర్ల పక్కన కూర్చుని పని చూశాక ఆ మౌనం నాకు తప్పుగా తోచింది. దాటవచ్చు అన్నది ఈ వ్యాసం ప్రతిపాదన. దాటవలసిన అగత్యం రాకుండా చూడడం అమ్మినవాడి బాధ్యత అన్నది దాని వెనకే వచ్చే మాట.

1957 కాపీరైటు చట్టంలో ఈ విషయం స్పష్టంగానే ఉంది. 1994 సవరణతో వచ్చి 1995 మే 10 నుంచి అమలవుతున్న సెక్షన్ 52(1)(ఎఎ) ప్రకారం, కంప్యూటర్ ప్రోగ్రాము ప్రతి ఎవరి దగ్గర న్యాయంగా ఉందో వారు, అది పోకుండా, ధ్వంసం కాకుండా, దెబ్బతినకుండా తాత్కాలిక రక్షణగా బ్యాకప్ తీసుకోవచ్చు. ప్రోగ్రాము ఏ పనికి సరఫరా అయిందో ఆ పనికే వాడాలన్నది షరతు. అమెరికా ఇలాంటి వెసులుబాటును 1980లోనే తన చట్టంలోని సెక్షన్ 117లో పెట్టుకుంది. యూరప్ 1991 సాఫ్ట్‌వేర్ డైరెక్టివ్ ఇంకా ముందుకు వెళ్లింది. వాడకానికి అవసరమైన బ్యాకప్‌ను ఒప్పందం రాసుకుని కూడా ఆపకూడదంది. లాకును నేరుగా తాకిన తీర్పు అమెరికాలో 1988 నాటి వాల్ట్, క్వెయిడ్ వివాదంలో వచ్చింది. వాల్ట్ కంపెనీ ప్రోలాక్ అనే పద్ధతిలో అసలు ఫ్లాపీ మీద ఒక భౌతికమైన గుర్తు వేసేది. ఆ గుర్తు కనబడకపోతే ప్రోగ్రాము నడవదు. గుర్తు లేని కాపీని కూడా నడిపించే సాధనాన్ని క్వెయిడ్ అమ్మింది. బ్యాకప్ అనే న్యాయమైన ఉపయోగం ఉంది కాబట్టి అలాంటి సాధనం అమ్మడం ఉల్లంఘనకు తోడ్పాటు కాదని అప్పీలు కోర్టు తేల్చింది.

మన దగ్గర మాత్రం ఈ చర్చ అంతటినీ ఒకే ఒక్క తీర్పు మింగేసింది. 2005లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు సయ్యద్ ఆసిఫుద్దీన్ కేసులో ఇచ్చిన తీర్పు అది. న్యాయ కళాశాలల్లో సైబర్ చట్టం చదివిన ప్రతివారికీ తెలుసు. రిలయన్స్ ఇన్ఫోకామ్ 2003 పథకంలో, 10,500 రూపాయల విలువైన హ్యాండ్‌సెట్‌ను 3,350 రూపాయల తొలి చెల్లింపుతో, మూడేళ్ల సేవతో కలిపి ఇచ్చింది. ఆ సెట్టు రిలయన్స్ సేవలకే పనిచేసేలా లాకు వేసింది. సెట్టులోని ఎలక్ట్రానిక్ సీరియల్ నంబరు వ్యవస్థను మార్చి తమ సేవలోకి తెచ్చారని టాటా ఇండికామ్ ఉద్యోగుల మీద కేసు పడింది. సెల్‌ఫోను కూడా కంప్యూటరేనని, ఆ నంబరును మార్చడం ఐటీ చట్టం సెక్షన్ 65 కిందా, కాపీరైటు చట్టం సెక్షన్ 63 కిందా ప్రాథమికంగా నేరారోపణకు తగినదేనని కోర్టు భావించింది.

ఈ తీర్పును పట్టుకుని మన వ్యాఖ్యాతలు లాకును ముట్టుకోవడమే నేరమన్న పాఠం తయారుచేశారు. నా తగువు వారితోనే. ఆ కేసు విచారణ పూర్తయి వచ్చిన తీర్పు కాదు. ఎఫ్ఐఆర్ కొట్టేయమన్న పిటిషన్ల మీద వచ్చినది. కుట్ర, మోసం లాంటి ఆరోపణలను కోర్టు అక్కడే కొట్టేసింది, మిగిలినవి విచారణకు వదిలింది. ఇంకో పెద్ద తేడా ధరలో ఉంది. ఆ సెట్టు తక్కువ ధరకు వచ్చిందే లాకు మూలంగా. మూడేళ్లు కట్టుబడి ఉంటానన్న మాటకు ప్రతిఫలం ఆ రాయితీ. నరసన్నపేటలో తెలుగు ప్యాకేజీ కొన్న డీటీపీ యజమానికి రాయితీ ఎవరూ ఇవ్వలేదు. పూర్తి ధర కట్టాడు, దాంతోపాటు లాకు కూడా వచ్చింది. పైగా అక్కడి తగువు ఒక కంపెనీ ఖాతాదారును ఇంకో కంపెనీ లాక్కోవడం గురించి. కొన్న మనిషి తన ప్రతిని తాను కాపాడుకోవడం గురించి కాదు. ఇన్ని తేడాలు ఉండగా ఆ తీర్పును డాంగిల్ అనే హార్డ్‌వేర్ లాకు దాకా సాగదీయడం చదువుకున్నవారు చేయవలసిన పని కాదు.

ఇక నరసన్నపేట సంగతి. శ్రీకాకుళం జిల్లాలో జాతీయ రహదారి 16ను ఆనుకుని ఉన్న ఈ వ్యాపార పట్టణంలో బంగారం, బట్టల కొట్ల వెంట అచ్చుపని కూడా ఎదిగింది. శుభలేఖలు, పెద్దకర్మ కార్డులు, బిల్లు పుస్తకాలు, గుడి ఉత్సవాల కరపత్రాలు, ఎన్నికలప్పుడు పోస్టర్లు. అన్నిటికీ మొదటి మెట్టు డీటీపీ. యూనికోడ్ 1991లోనే తెలుగుకు చోటిచ్చినా, పేజ్‌మేకర్‌లోనూ కోరల్‌డ్రాలోనూ పని నడిచినన్నాళ్లూ ఆపరేటర్లు అను, శ్రీలిపి వంటి ప్యాకేజీల ఖతుల్లోనే మేటర్ కొట్టారు. ఆ ఖతుల్లో తెలుగు అక్షరాలు రోమన్ అక్షరాల గదుల్లో కూర్చుంటాయి. ఖతి లేని కంప్యూటర్లో అదే ఫైలు తెరిస్తే అర్థంలేని రోమన్ గుర్తులే కనిపిస్తాయి.

భారతీయ భాషల ప్యాకేజీలకు హార్డ్‌వేర్ లాకు పెట్టడం అప్పట్లో మామూలు. ఆపరేటర్లు డాంగిల్ అనరు, లాకు అంటారు. మొదట్లో అది ప్రింటర్ పోర్టుకు తగిలించే చిన్న పెట్టె, తర్వాత యూఎస్‌బీ పుల్ల. ప్రోగ్రాము మధ్యమధ్య లాకును ఏదో అడుగుతుంది. లోపలి చిప్పు తన రహస్య సంఖ్యతో జవాబిస్తుంది. జవాబు రాకపోతే పని ఆగుతుంది. కొన్ని ప్యాకేజీల్లో ఖతులు కళ్లెదురుగానే ఉంటాయి, తెలుగు కీబోర్డు మాత్రం రాదు. పాత ఫైలు తెరుచుకుంటుంది, ట్రేసింగ్ తీయవచ్చు, ఒక్క అక్షరం దిద్దడానికి ఉండదు. శుభలేఖ నమూనా ఉంది, ముహూర్తం మార్చలేరు. పుస్తకం ఉంది, ప్రూఫులో పట్టిన తప్పు సవరించలేరు.

బజారులో పాతకాలపు డీటీపీ కేంద్రం ఒకటి ఉంది. యజమాని తొంభైల చివర్లో లెటర్‌ప్రెస్ మానుకుని కంప్యూటరు కొన్నాడు, తెలుగు ప్యాకేజీ కొన్నాడు. బిల్లు ఇప్పటికీ ప్లాస్టిక్ కవర్లో భద్రంగా ఉంది. అసలు డిస్కు ఉంది. డిస్కుకు కాపీ కూడా ఉంది, ఎందుకంటే డిస్కును కాపీ చేయకుండా అడ్డేమీ లేదు. తుపాను తర్వాత కరెంటు వచ్చీపోతూ ఉన్న రోజుల్లో ఓల్టేజి దెబ్బకు మదర్‌బోర్డుతో పాటు లాకు కూడా పోయింది. సరఫరాదారుకు ఫోను చేస్తే పాత లాకుకు బదులు ఇవ్వడం కుదరదని, కొత్త వెర్షన్ పూర్తి ధరకు కొనుక్కోమని జవాబు వచ్చింది. “డిస్కుంది, బిల్లుంది మాస్టారూ. లాకే కాలిపోనాది. మళ్లీ మొత్తం డబ్బు కట్టమంతన్నారు. నానేటి దొంగనా?” అని అడిగాడాయన. చాలా సీజన్లకు సరిపడా శుభలేఖల సెట్టింగులు, ఊరి కవులవి రెండు మూడు పుస్తకాలు ఆ హార్డ్‌డిస్కులో ఉన్నాయి. కంప్యూటరు బాగుచేసే కుర్రాడు లాకు లేకుండా నడిపిస్తానన్నాడు. యజమాని భయపడి వద్దన్నాడు. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. ఉల్లంఘించిన ప్రతి అని తెలిసి వాడితే సెక్షన్ 63బి కింద ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి.

డిస్కుకు కాపీ తీసుకోవచ్చు కదా, బ్యాకప్ హక్కుకు లాకు అడ్డురాలేదు కదా అని లాకు పక్షంవారు అంటారు. వాదనలో మోసమంతా ఇక్కడే ఉంది. డాంగిల్ ఉన్న చోట డిస్కు కాపీకి విలువ లేదు. పనిచేయని ప్రతిని ఎన్నిసార్లు దాచుకున్నా నష్టం నుంచి రక్షణ రాదు. చట్టం రక్షించమన్నది వాడుకోగలిగిన ప్రోగ్రామును. ఆ వాడుక లాకులో ఉంటే బ్యాకప్ హక్కు లాకుదాకా వెళ్లి తీరాలి. బీరువా అమ్మేవాడు రెండు తాళంచెవులు ఇస్తాడు. అందుకు రెండు బీరువాల డబ్బు అడగడు.

శ్రీకాకుళం జిల్లాలో ఈ నష్టం ఊహాగానం కాదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ. ఆరేళ్ల లోపు మూడు పెద్ద తుపాన్లు, మూడూ అక్టోబరులోనే, పెళ్లిళ్ల సీజను పనులు ఊపందుకునే ముందు. తిత్లీ తర్వాత ఉద్దానం పల్లెలు ఎన్ని రోజులు చీకట్లో ఉన్నాయో ఈ జిల్లావారికి చెప్పనక్కరలేదు. వరద నీరు, పిడుగు, హెచ్చుతగ్గుల ఓల్టేజి ఇక్కడ ఏటా ఉండేవే. చట్టం చెప్పిన ధ్వంసం, దెబ్బ అన్న మాటలకు మన జిల్లాను మించిన ఉదాహరణ అక్కరలేదు. తుపాను వస్తుందని తెలిసిన తీరంలో ఒకే ఒక్క లాకు ఇచ్చి అమ్మడం, నష్టం వస్తుందని తెలిసి అమ్మడమే.

తుపాను కాకపోతే కాలం. కొత్త ల్యాప్‌టాపులకు ప్రింటర్ పోర్టు లేదు. 64 బిట్ విండోస్ 16 బిట్ ప్రోగ్రాములను నడపదు. పేజ్‌మేకర్ 2001 నాటి 7.0 తోనే ఆగిపోయింది. అమెరికా ఈ చిక్కును గుర్తించి 2003లో, 2006లో, 2010లో డాంగిళ్లకు మినహాయింపు ఇచ్చింది. చెడిపోయి, కాలం చెల్లిన డాంగిల్ ఉన్న ప్రోగ్రాముల విషయంలో లాకు దాటవచ్చంది. కాలం చెల్లడమంటే తయారీ ఆగిపోవడం, లేదా బదులు గానీ మరమ్మతు గానీ బజారులో సహేతుకంగా దొరకకపోవడం అని 2010లో నిర్వచించింది. ఈ కొలత మనకు చాలదు. పూర్తి ధరకు దొరికే కొత్త వెర్షన్ను ‘బదులు’ అని లెక్కిస్తే నరసన్నపేట యజమానికి ఒరిగేదేమీ లేదు.

మన చట్టం నిజానికి ఇంతకంటే ఉదారమైనది. 2012 సవరణతో వచ్చి ఆ ఏడాది జూన్ 21 నుంచి అమలైన సెక్షన్ 65ఎ సాంకేతిక రక్షణను ఛేదించడాన్ని రెండేళ్ల దాకా జైలుశిక్ష పడే నేరం చేసింది. అయితే హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో ఛేదిస్తేనే. చట్టం స్పష్టంగా నిషేధించని పనికోసం చేసినదాన్ని అదే సెక్షన్ రెండో ఉపవిభాగం మినహాయించింది. బ్యాకప్ ఉల్లంఘన కాదని 52 చెబుతోంది, ఉల్లంఘన కాని పనికి లాకు దాటితే నేరం కాదని 65ఎ చెబుతోంది. రెండూ కలిపి చదివినవారికి సందేహం మిగలదు. 2005 తీర్పు నాటికి ఈ సెక్షన్ లేనే లేదు. అయినా పాఠం మారలేదు.

65ఎలో ఒక మెలిక ఉంది. ఇంకొకరికి లాకు దాటడంలో సాయం చేసినవారు ఆ మనిషి పేరు, చిరునామా, గుర్తింపు వివరాలు, ఏ పనికోసం చేశారన్నదీ పూర్తిగా నమోదు చేసి ఉంచాలి. ఇది బజారు మెకానిక్కు కుదరని పని అని కొట్టిపారేయడం తేలిక. నేను ఒప్పుకోను. 2011 సైబర్ కేఫ్ నిబంధనలు నెట్ సెంటర్లు వినియోగదారుల లాగ్ రిజిస్టరు కనీసం ఏడాది పాటు ఉంచాలన్నాయి. ఆ అలవాటు చిన్న ఊళ్లకూ తెలుసు. బిల్లు నకలు, కాలిపోయిన లాకు సీరియల్ నంబరు, యజమాని సంతకం ఒక పుస్తకంలో ఉంటే కుర్రాడు చేసిన పని చట్టం లోపలే ఉంటుంది. నేను చూసిన కొట్లలో ఈ సంగతి తెలిసినవారు లేరు. తెలియజెప్పవలసిన న్యాయశాస్త్ర ఆచార్యులు పైరసీ మీద వ్యాసాలు రాస్తున్నారు.

అదే బజారులో లాకు విరిచిన ప్రతులు కొనకుండానే వాడుతున్నవారూ ఉన్నారు, నిజమే. ఆ ప్రతులతో పని హాయిగా సాగిపోతుంటే బిల్లున్నవాడే కూర్చుండిపోయాడు. లాకు పట్టుకున్నది ఎవరినో దీన్నిబట్టి తేలిపోతుంది.

పాత ఖతులను యూనికోడ్‌లోకి మార్చే పరికరాలు వచ్చాయి, పోతన, వేమన వంటి ఉచిత ఖతులూ వచ్చాయి. అయినా సమస్య ఒక కొట్టు వ్యాపారంతో ఆగదు. కళింగాంధ్ర కథలు, కవిత్వం, స్థానిక చరిత్రలు ఒక తరం పాటు ఇలాంటి డీటీపీ కేంద్రాల్లోనే పుస్తకాలయ్యాయి. కాళీపట్నం రామారావుగారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం స్థాపించి అచ్చు కాగితాన్ని కాపాడే పని మొదలుపెట్టారు. తన దగ్గర కాగితం ప్రతి ఉన్న రచనను పరిరక్షణ కోసం ఎలక్ట్రానిక్ రూపంలో భద్రపరిచే వీలు వాణిజ్యేతర గ్రంథాలయాలకు 2012 సవరణ ఇచ్చింది. ఆ రచనల మూల ఫైళ్లు మాత్రం లాకుల వెనక ఉన్నాయి. ఒక ప్రాంతపు సాహిత్యాన్ని తిరిగి అచ్చువేసే అధికారం ఆ లాకు తయారుచేసినవాడి చేతిలో ఉండిపోయింది.

కాబట్టి లాకుతో ప్రోగ్రాము అమ్మే ప్రతి కంపెనీ మొదటి రోజునే రెండో లాకు ఇవ్వాలి. మద్దతు ఆపేసిన రోజున లాకు అక్కరలేని వెర్షన్ను పాత కొనుగోలుదారులకు పంపాలి. బ్యాకప్‌ను నిషేధించే ఒప్పంద నిబంధన చెల్లదని సెక్షన్ 52లోనే యూరప్ మాదిరిగా రాయాలి. రెండో ప్రతిని అమ్ముకుంటారన్న భయానికి జవాబు ఉంది. లాత్వియా నుంచి వచ్చిన కేసులో 2016లో యూరప్ న్యాయస్థానం, అసలు డిస్కు పాడైపోయినా సరే, బ్యాకప్ ప్రతిని హక్కుదారు అనుమతి లేకుండా వేరొకరికి అమ్మకూడదంది. అలాంటి హద్దు నరసన్నపేట యజమానికి అభ్యంతరం కాదు. ఆయన అమ్ముకోవడానికి అడగడం లేదు, శుభలేఖలో ముహూర్తం మార్చుకోవడానికి అడుగుతున్నాడు.