యుద్ధనౌక కడితే లెక్కలు ఎవరు చూస్తారు? రూ.3,261 కోట్ల విక్రాంత్ రూ.20 వేల కోట్లకు ఎలా చేరింది?

కొత్త యుద్ధనౌక అంటే టీవీల్లో మనకు కనిపించేది జలప్రవేశం, నేతల ప్రసంగాలు. అంతకుముందు ఏళ్ల తరబడి ఫైళ్లు తిరుగుతాయి.

ఫలానా నౌక కావాలని నౌకాదళం అడిగితే, ముందుగా రక్షణ మంత్రి అధ్యక్షతన ఉండే డిఫెన్స్ అక్విజిషన్ కౌన్సిల్ ఆ అవసరాన్ని ఆమోదించాలి. అంతమాత్రాన ఆర్డర్ ఇచ్చేసినట్టు కాదు. టెండర్లు, ధరపై బేరాలు అయ్యాక, భారీ మొత్తమైతే ప్రధాని నేతృత్వంలోని భద్రతా వ్యవహారాల కేబినెట్ కమిటీ ఓకే చెప్పాలి. ఆ తర్వాతే కాంట్రాక్ట్.

పని మొదలయ్యాక నౌకాదళ పర్యవేక్షణ బృందం షిప్‌యార్డులోనే మకాం వేస్తుంది. వెల్డింగ్ దగ్గర్నుంచి సముద్రంలో ట్రయల్స్ దాకా అన్నీ చూస్తుంది. డబ్బు కూడా దశల వారీగానే ఇస్తారు.

మరి ఇంత నిఘా ఉన్నా లెక్క ఎందుకు తప్పుతోంది? ఐఎన్ఎస్ విక్రాంత్‌నే తీసుకుందాం. 2002లో రూ.3,261 కోట్లతో అనుమతి ఇచ్చారు. 2014లో అంచనా రూ.19,341 కోట్లకు పెరిగింది. నౌకాదళంలో చేరింది 2022 సెప్టెంబర్ 2న. అప్పటికి ఖర్చు దాదాపు రూ.20 వేల కోట్లు.

మొదటి దెబ్బ ఉక్కు దగ్గరే తగిలింది. రష్యా నుంచి రావాల్సిన ప్రత్యేక ఉక్కు దొరకలేదు. దాంతో హైదరాబాద్‌లోని డీఎంఆర్‌ఎల్, సెయిల్‌తో కలిసి ఆ ఉక్కును ఇక్కడే తయారుచేసింది. అది మేలే అయినా, సమయం పట్టింది. తర్వాత గేర్‌బాక్సులు, డీజిల్ ఆల్టర్నేటర్లు ఆలస్యమయ్యాయి.

అసలు చిక్కు ఇంకోటి ఉంది. డిజైన్ పూర్తికాకుండానే నిర్మాణం మొదలుపెట్టే పద్ధతిని కాగ్ తన 2010-11 నివేదికలోనే ఎత్తిచూపింది. పునాది తవ్వేశాక ఇంటి ప్లాన్ మార్చుకుంటే ఏమవుతుందో ఇక్కడా అంతే. పూర్తయిన పనిని విప్పి మళ్లీ చేయాలి.

2016 నివేదికలో మరో వింత బయటపడింది. విక్రాంత్ 2018 డిసెంబర్‌కి వస్తుందని నౌకాదళం అంటే, కొచ్చిన్ షిప్‌యార్డ్ 2023 అంటోంది. ఒకే నౌకకి రెండు గడువులు! పైగా కాగ్ తప్పు పట్టేసరికే చాలా డబ్బు ఖర్చయిపోయి ఉంటుంది.

ఇప్పుడు విశాఖ వంతు. నడిసముద్రంలో యుద్ధనౌకలకు ఇంధనం, ఆహారం, మందుగుండు అందించే 5 ఫ్లీట్ సపోర్ట్ షిప్‌ల కోసం హిందుస్థాన్ షిప్‌యార్డ్‌తో 2023 ఆగస్టులో కాంట్రాక్ట్ కుదిరింది. విలువ సుమారు రూ.19 వేల కోట్లు. మొదటి నౌకకు 2024 ఏప్రిల్‌లో ఉక్కు కోత మొదలైంది. ఐదింటికీ కలిపి గడువు 8 ఏళ్లు.