చెన్నపురి శిలాస్తంభము: రేఖాంశముల కథ

చెన్నపురి నుంగంబాకమున, వాతావరణ శాఖవారి కార్యస్థానపు ఆవరణలో, పదునైదడుగుల యెత్తుగల రాతిస్తంభ మొకటి నేటికిని నిలిచియున్నది. ఒకప్పు డది నక్షత్రశాల నడుమ నుండి, ఆకాశమును పరీక్షించు యంత్రమును తన తలపై మోయుచుండెడిది. 1792లో తూర్పిండియా వర్తకసంఘమువా రా శాలను కట్టించినప్పుడు స్తంభముపై నొక శాసనమును చెక్కించిరి. లాటిను, తమిళ, హిందూస్థానీ భాషల సరసను మన తెనుగునకును అందు చోటు దొరకినది. ఆసియా ఖండమున గణితశాస్త్రములు ఆంగ్లేయుల ఔదార్యముచేత మొట్టమొదట నాటబడిన కాలము వేయి సంవత్సరముల పిమ్మటివారికి సహితము తెలియవలెనని దాని తాత్పర్యము.

ఈ మాట విన్న చదువరికి మొదట కోపమును, పిదప నవ్వును వచ్చుట సహజము. భూమి తన చుట్టు తాను తిరుగుచున్నదని 499లోనే వ్రాసిన ఆర్యభటుడు పుట్టిన దేశమున, గణితము 1792లో నాటబడెనట! అయినను కోపము నొకింతసేపు ప్రక్కనుంచి, ఆ రాయి యే పనికై నిలుపబడెనో విచారింతము.

ఒక స్థలము ఉత్తర దక్షిణములుగా ఎచ్చట నున్నదో తెలిసికొనుట సులభము. ధ్రువనక్షత్రము దిక్చక్రమునకు ఎన్ని డిగ్రీల పైనున్నదో కొలిచిన చాలును. ఆ యెత్తే ఇంచుమించుగా అక్షాంశము. మచిలీపట్టణమున అది పదునారు, కాశిలో ఇరువదియైదు. తూర్పు పడమరల విషయ మట్లు కాదు. ఆకాశమంతయు తూర్పునుండి పడమరకు తిరుగుచున్నట్లు కనబడుటచేత, అందు గుఱుతుగా పట్టుకొనుటకు నిలకడయైన దేదియు లేదు. భూమి గంటకు 15 డిగ్రీల చొప్పున, అనగా నాలుగు నిమిషముల కొక డిగ్రీ చొప్పున తిరుగును. కావున రెండూళ్ల మధ్యాహ్నములకు గల కాలభేదము తెలిసినచో వాని రేఖాంశభేదము తెలిసినట్లే. చిక్కంతయు నొక్కటియే: ఇచ్చట నున్నవాడు అచ్చట ఇప్పు డెంత ప్రొద్దయినదో ఎట్లెఱుగును?

ఈ చిక్కు తెగక ఎన్ని యోడలు రాళ్లకు తగిలినవో లెక్కలేదు. 1714లో ఆంగ్ల ప్రభుత్వము దీనిని తీర్చినవారికి 20,000 పౌనుల వరకు బహుమాన మిత్తుమని చాటెను. వడ్రంగపు పనివాడైన జాన్ హారిసన్ సముద్రముపై తప్పక నడచు గడియారమును 1759 నాటికి ముగించెను. పండితులు అతనిని ఏండ్ల తరబడి త్రిప్పి, మిగిలిన సొమ్మును 1773లో, అతనికి ఎనుబదియేండ్లు వచ్చిన పిమ్మట ఇప్పించిరి. చేతిపనివానిని చిన్నచూపు చూచుట మన దేశపు పండితులకే చెల్లినదని యనుకొనువా రీ కథ తెలిసికొనవలెను.

మనవా రీ విషయమున ఏమి చేసిరి? లంకనుండి ఉజ్జయిని మీదుగా కురుక్షేత్రమునకు పోవు రేఖను మూలముగా గైకొని, దానికి తూర్పు పడమరల నున్న యూళ్లకు దేశాంతర సంస్కారము చేయవలెనని సూర్యసిద్ధాంతము విధించినది. అందు చెప్పిన యుపాయము సొగసైనది. చంద్రగ్రహణము భూలోకమున కెల్ల ఒక్క క్షణముననే పట్టును. మూలరేఖకు గుణించిన కాలముకంటె మన యూర గ్రహణము ఆలస్యముగా కనబడినచో మనము తూర్పున నున్నాము. ముందుగా కనబడినచో పడమరనున్నాము. సిద్ధాంతమున లోపము లేదు. కాని చంద్రునిపై నీడయంచు మసకగా నుండుటచే ఆ క్షణమును సరిగా పట్టుకొనుట కష్టము. పైగా గ్రహణములు అరుదు. అంతకంటె పెద్ద లోపము మరియొకటి కలదని నా యభిప్రాయము: కాలక్రమమున మనవారిలో పెక్కుమంది గ్రహణమును గుణించుటతో తృప్తిపడి, తలయెత్తి చూచుట మానిరి.

చెన్నపురి నక్షత్రశాలవారు ఆశ్రయించినది ఆ పాత యుపాయమునకు తోబుట్టువే. బృహస్పతికి గల నాలుగు పెద్ద చంద్రులు ఆ గ్రహపు నీడలో మాటిమాటికి మునుగుచుండును. ఆ క్షణమును ఇచ్చటను, గ్రీనిచ్‌లోను వ్రాసి పోల్చినచో కాలభేదము తేలును. ఈ శాలను కట్టించుటకు కారకుడైన మైకేల్ టాపింగ్ తూర్పుతీరమును కొలచినవాడు. 1796లో మచిలీపట్టణముననే మరణించెను. అతని పిదప గోల్డింగ్‌హాము ఈ పరీక్షలను సాగించెను. 1802లో లాంబ్టన్ పరంగికొండ దగ్గర తన యాధారరేఖను కొలిచి త్రిభుజములను అల్లుకొనుచు ఉత్తరమునకు సాగినప్పుడు, 1815లో బీదరు దగ్గర మరల కొలిచినప్పుడు, రేఖాంశములన్నియు ఈ నక్షత్రశాలనుండియే లెక్కింపబడినవి. అనగా పటమున మన తెనుగుపల్లెల స్థానమంతయు ఆ రాతిస్తంభమునకు కట్టిన త్రాటికి వ్రేలాడుచుండెనన్నమాట.

ఆ రాయి యెక్కడున్నది? తుదకు స్థిరపడిన లెక్క గ్రీనిచ్‌కు తూర్పున 80 డిగ్రీల 14 కలల 47 వికలలు. తొలుత పటములకు గైకొన్న లెక్క దీనికంటె రెండున్నర కలలు ఎక్కువ. కాలమున నిది పది సెకండ్ల పొరపాటు. నేలపై నాలుగు కిలోమీటర్లకు పైమాట! ఊరికిని ఊరికిని నడుమ దూరములు చెడలేదు గాని, పటమంతయు నొక్కటిగా తూర్పునకు జరిగి కూర్చుండెను. తరువాత తంతి వచ్చి, రెండు గడియారములను క్షణములో పోల్చుటకు వీలయిన పిమ్మట సరియైన లెక్క స్థిరపడినది. గణితమును మేమే నాటితిమని రాతిపై చెక్కించినవారి లెక్కయు దిద్దుబాటుకు లోనయ్యెను. వారి గొప్ప యేమన, దిద్దుకొనిరి.

ఆ శాసనమునకు తగిన ప్రత్యుత్తర మా శాలలోనే పుట్టినది. చింతామణి రఘునాథాచార్యులు చిన్నయుద్యోగమున ప్రవేశించి ప్రథమ సహాయకుడైనవాడు. 1867లో కాంతి హెచ్చుతగ్గులగు నొక నక్షత్రమును కనిపెట్టెను. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణమును చూచుటకు నిజాము రాజ్యములోని వనపర్తికి పోయెను. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబమును దాటినప్పుడు, సిద్ధాంతికిని గణితజ్ఞునికిని సంవాదముగా నొక చిన్నపుస్తకము వ్రాసి సామాన్యజనుల కందించెను. పంచాంగము ఆకాశముతో సరిపోవలెనని వాదించి, దృగ్గణితము ననుసరించి పంచాంగమును ప్రకటించెను. పూర్వులను ఆయన నిందింపలేదు. వారు చూచినట్లే మనమును చూడవలెననెను. 1880లో కాలధర్మము నొందెను.

చెన్నపురి కాలమే చాలకాలము రైళ్లకు ప్రమాణమై, గ్రీనిచ్‌కు సుమారు 5 గంటల 21 నిమిషములు ముందుండెను. 1906 నుండి 82½ డిగ్రీల రేఖ దేశమునకు ప్రమాణమైనది. ఆ రేఖ మన కాకినాడకు సమీపముననే పోవుచున్నది.

దేశాంతర సంస్కారము పండితుల గొడవయని తలచు గృహిణుల కొక మాట. ఇచ్చట సోమవారము ఉదయము ఎనిమిది గంటల వరకు ఏకాదశి యున్నదనుకొందము. సూర్యోదయమునకు తిథి యుండుటచే ఉపవాసము సోమవారమే. శీతకాలమున న్యూయార్కు గడియారము మనకంటె పదిన్నర గంటలు వెనుక నుండును. అక్కడ ఆ తిథి ఆదివారము రాత్రి తొమ్మిదిన్నరకే ముగియును. సోమవారపు సూర్యోదయమునకు ద్వాదశి వచ్చియుండును. అక్కడి కొడుకును సోమవారము ఉపవసింపుమని తల్లి టెలిఫోనులో చెప్పినచో, ఆమె భక్తిలో కొఱత లేదు గాని, సూర్యసిద్ధాంతకారుడు ఆ సలహాను ఒప్పుకొనడు. ఇప్పుడు అమెరికా నగరములకు వేరుగా గుణించిన తెనుగు పంచాంగములు దొరకుచున్నవి. ఆ యింట ఉపవాసము ఆదివారమే.