వేపచెట్టు కోసం జరిగిన గది

బల్లార్‌పూర్‌లో మా తాతగారి పెంకుటిల్లు తీసి స్లాబు ఇల్లు కట్టేటప్పుడు, ఇంట్లో గొడవంతా పడమటి వైపు వేపచెట్టు గురించే. కొట్టేయాలా, ఉంచాలా?

అప్పుడే అహ్మదాబాద్‌లోని సారాభాయి ఇంటి గురించి చదివాం. లె కార్బూజియే 1950ల్లో మనోరమా సారాభాయి కోసం చెట్ల తోట మధ్య కట్టిన ఇల్లది. ఇటుక గోడలన్నీ ఒకే దిక్కుకి, గాలి ఇంట్లోంచి సాగిపోయేలా నిలబెట్టారు. వాటిపైన కమాను కప్పులు, కప్పు మీద మట్టి పోసి పచ్చిక పెంచారు. మేడ మీంచి పిల్లలు కొలనులోకి జారే బల్ల కూడా ఉంది!

అంత డబ్బు మాకెక్కడిది? కానీ చంద్రపూర్ మే నెల ఎండ సంగతి మనవాళ్లకి చెప్పాలా, ఒట్టి స్లాబు రాత్రంతా సెగ కక్కుతుంది. నాన్నగారు మేస్త్రీని పిలిచి పడమటి గదిని మూడడుగులు లోపలికి జరిపించారు. గది చిన్నదైందని అమ్మ ఇప్పటికీ సణుగుతుంది. వేప నీడ మాత్రం మూడింటికల్లా స్లాబు మీదికి వచ్చేస్తుంది.