చుక్కాని, వంటపొయ్యి

మేము నివసించు లక్డీకాపూల్ సముద్రమునకు బహుదూరము. కఱ్ఱవంతెన యని ఆ పేరునకర్థము. ఇచ్చటికి చేరువనున్న పెద్దనీరు హుస్సేన్ సాగరమొక్కటే. అదియు 16వ శతాబ్దమున కుతుబ్ షాహీల యేలుబడిలో కట్టిన చెరువేకాని కడలి కాదు. ఇట్టి పురమునందలి యాడుబిడ్డ తెరచాపపడవపై భూగోళమును చుట్టివచ్చునని చెప్పినచో మన తాతలు నమ్మియుండరు. 2018లో ఆ పని నెరవేరినది.

ఆ పడవ పేరు తారిణి. మన నౌకాదళమునకై గోవాలో నిర్మింపబడినది. పొడవు 55 అడుగులు. 2017 సెప్టెంబరు 10న ఆరుగురు స్త్రీలు దానిపై గోవానుండి బయలుదేరిరి. నాయకురాలు ఋషీకేశమునకు చెందిన వర్తికా జోషీ. తక్కినవారు కులూ ప్రాంతపు ప్రతిభా జామ్వాల్, విశాఖపట్టణపు పి. స్వాతి, హైదరాబాదు బి. ఐశ్వర్య, మణిపురపు ఎస్. విజయాదేవి, డెహ్రాడూను పాయల్ గుప్తా. పాఠకులీ స్థలముల పేళ్లను మరల నొకసారి చదువవలెను. విశాఖ తప్ప వీనిలో మఱియొకటి సముద్రతీరమున లేదు.

మన జాతి కడలికి క్రొత్తది కాదు. శాతవాహనుల నాణెములపై రెండుకొయ్యల యోడ గలదు. తుపానున చెదరి యొడ్డునబడిన యోడల సరకును రాజులు హరించు దురాచారమును మాన్పి, 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవున వర్తకులకు అభయశాసనమొసగెను. ఐనను బౌధాయన ధర్మసూత్రము సముద్రయానమును పతనహేతువులలో చేర్చినది. 19వ శతాబ్దమున సీమకేగివచ్చినవారిని ప్రాయశ్చిత్తము లేనిదే పంక్తికి రానీయని యిండ్లుండెను. పురుషునికే యింత నిషేధమున్నచో స్త్రీమాట చెప్పనేల?

తారిణి ఫ్రీమాంటిల్, లిటిల్‌టన్, పోర్టుస్టాన్లీ, కేప్‌టౌను రేవులను తాకినది. పసిఫిక్ మహాసముద్రమున గంటకు 60 నౌకామైళ్లకు మించిన గాలులను, 7 మీటర్ల యెత్తు కెరటములను ఎదుర్కొన్నది. 2018 జనవరిలో కేప్‌హార్న్ అగ్రమును చుట్టినది. పత్రికలు వీనినే పెద్దయక్షరములతో ప్రకటించినవి. మాకు మాత్రము తుదిమజిలీయే యెక్కువ బోధకముగ తోచుచున్నది.

కేప్‌టౌను విడిచి హిందూమహాసముద్రమున ఇంటిదారి పట్టినపిమ్మట చుక్కాని యంత్రము చెడినది. నెలల తరబడి యిల్లు విడిచియున్నవారికి ఎట్లో ఈడ్చుకొనిపోదమను తొందర సహజము. వారట్లు చేయలేదు. ఏప్రిలులో దారి మార్చి మారిషసున ఆగి, మరమ్మతు చేయించుకొనియే మరల తెర యెత్తిరి. మే నెలలో భూమధ్యరేఖను దాటి ఉత్తరమునకు సాగిరి.

ఇట్టి ప్రయాణపు కడపటి దినములెట్లుండునో యోచింపుడు. పచ్చికూరలు ముందుగనే తీరిపోవును; బియ్యము, పప్పు, ఎండబెట్టిన ఆహారములు మిగులును. మంచినీటిని చెంబులతో గాక గ్రుక్కలతో లెక్కింపవలెను. భూమధ్యరేఖకడ గాలి పడిపోయినచో తెరచాప వ్రేలాడి, పడవ నిలిచినచోటనే యూగుచుండును. ఉప్పునీటికిని ఎండకును త్రాళ్లు ఒరసికొని పీచులెక్కును, తెగకమునుపే కనిపెట్టవలెను. ఒడ్డు సమీపించినకొలది వర్తకనౌకలును జాలరిపడవలును అడ్డమగును గనుక రాత్రికావలి మఱింత మెలకువతో నుండవలెను. నడిసముద్రమున క్షమింపబడు కునుకు రేవుచెంత ప్రాణాంతకమగును.

అందున్నవారారుగురే. వంటవారు వేఱుగా లేరు, ఊడ్చువారు లేరు. ఊగెడు పొయ్యికడ గిన్నె జారకుండ పట్టుకొను చేయియే వంతురాగా చుక్కాని పట్టును, కొయ్య నెక్కి త్రాడు ముడివేయును, పగిలినదానిని అతుకును. అచ్చట ఏ పనియు నీచము కాదు, ఏ పనియు ఒకరి పుట్టుకకు అంటగట్టబడలేదు. పని మానినవారిని సముద్రము విడువదు. కులమును లింగమును అది యడుగదు.

2018 మే 21న తారిణి గోవా చేరినది. 254 దినములలో దాదాపు 21,600 నౌకామైళ్లు నడచినది. ఆ దినమున ఊరూర సంతోషించిరి, మేమును సంతోషించితిమి. కాని మా వీథిలోని యిండ్లలో ఆ సాయంకాలము పొయ్యికడ నిలిచినవారెవరు? వార్తను చదివి మెచ్చుకొనుచు కూర్చున్నవారెవరు? దీనికి బదులు చెప్పుకొనుట మాకు కష్టమైనది.

మన బాలికలకు సాహసకథలు చెప్పుటలో లోపము లేదు. లోపము మఱియొకచోట గలదు. పొయ్యి నిత్యము వారిచేతికిచ్చి, చుక్కానిని పండుగనాడు మాత్రము చూపుచున్నాము. తారిణి చరిత్రమున ఆ రెండును ఒకే చేతిలో వంతులవారీగ తిరిగినవి. అందుచేతనే పడవ రేవు చేరినది. ఇంటి పడవను నడుపువారును ఈ వంతుల నేర్చుకొనవలయును. మొదట నేర్చుకొనవలసినవారు పురుషులు.