కోరిన పాట (ప్రదర్శన సంప్రదాయం)

సభలోని శ్రోతలు అడిగిన మీదట గాయకుడు గానీ, కళాబృందం గానీ పాడే పాటను కోరిన పాట అంటారు. ఉర్దూ ప్రభావం ఉన్న తెలంగాణ ప్రాంతంలో దీనికి ఫర్మాయిష్ అనే మాట కూడా వినిపిస్తుంది. ఇలా అడిగే పాట చాలా సందర్భాలలో ఆ గాయకుడి స్వంత రచన కాదు. అది శ్రోతకు ముందే తెలిసిన, మరొకరు రచించిన లేక మరొకరు పాడి ప్రసిద్ధి చేసిన పాట. దక్షిణ తెలంగాణలోని నల్గొండ, మహబూబ్ నగర్ ప్రాంతాలలో భజన, కిన్నెర కథ, పద్యనాటకం, ఉద్యమ గీతాల సభ, సినిమా పాటల ఆర్కెస్ట్రా మొదలైన ప్రదర్శనలన్నిటిలోను ఈ అలవాటు ఉంది. కోరిన పాట వలన ఒక రచన తరతరాలు నిలుస్తుంది. అయితే పాడినవారి పేరు పాటకు అంటుకొని, రాసినవారి పేరు మరుగున పడే ప్రమాదం కూడా ఇందులోనే ఉంది.

ప్రాంతం

పూర్వపు నల్గొండ జిల్లా 2016 అక్టోబరు 11న నల్గొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలుగా విడిపోయింది. పాలమూరు అని పిలువబడే పూర్వపు మహబూబ్ నగర్ జిల్లా నుండి అదే రోజున నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు ఏర్పడ్డాయి. నారాయణపేట జిల్లా 2019 ఫిబ్రవరిలో ఏర్పడింది. వర్షాధార వ్యవసాయం, తరచు కరవులు, వలసలు ఈ మెట్ట ప్రాంతపు జీవనంలో భాగం. కురుమూర్తి, మన్యంకొండ, పెద్దగట్టు, చెరువుగట్టు, యాదగిరిగుట్ట వంటి క్షేత్రాల జాతరలు, ఉత్సవాలు ఇక్కడ జనం పెద్దయెత్తున కలిసే సందర్భాలు.

భజన కీర్తనలు

గ్రామాలలోని భజన బృందాలు అన్నమాచార్యులు, భద్రాచల రామదాసు మొదలైన వారి కీర్తనలతో పాటు స్థానిక వాగ్గేయకారుల కీర్తనలను కూడా పాడుతాయి. పాలమూరు ప్రాంతంలో మన్యంకొండ హనుమద్దాసు, వేపూరు హనుమద్దాసు కీర్తనలు ఇందుకు ఉదాహరణలు. భజనలో పాట కోరడానికి ప్రత్యేకమైన పద్ధతి ఏదీ లేదు. కూర్చున్నవారిలో ఒకరు పల్లవి ఎత్తుకుంటే మిగిలినవారు అందుకుంటారు. కొన్నిచోట్ల పెద్దవారు ఫలానా కీర్తన పాడమని చెబుతారు.

కీర్తనలలో రచయిత పేరు నిలవడానికి ముద్ర అనే ఏర్పాటు ఉంది. చివరి చరణంలో రచయిత తన పేరును గాని, ఇష్టదైవం పేరును గాని చేర్చడమే ముద్ర. త్యాగరాజు కృతులలో ఆయన పేరు, అన్నమయ్య సంకీర్తనలలో వేంకటేశ్వరుని పేరు ఇలా కనిపిస్తాయి. ఎవరు పాడినా, ఎన్ని తరాల తరువాత పాడినా, చివరి చరణం వరకు పాడితే ఆ కీర్తన ఎవరిదో తెలుస్తుంది. ఉర్దూ గజల్ చివరి ద్విపదలో కవి తన కలం పేరును చేర్చే తఖల్లుస్ కూడా ఇటువంటిదే. పాట పూర్తి కాకముందే మరొకటి అందుకుంటే మొదట పోయేది ఈ చివరి చరణమే.

కిన్నెర కథలు

పన్నెండు మెట్ల కిన్నెర పాలమూరు ప్రాంతపు ప్రాచీన తంత్రీవాద్యం. వెదురు బొంగు, ఎండిన సొరకాయ బుర్రలు, తీగలు దీనిలో ముఖ్య భాగాలు. మెట్లను మైనంతో బొంగుపై అతికిస్తారు. డక్కలి కులస్థులు దీనిని వాయిస్తూ కథలు పాడి జీవనం సాగించేవారు. పండుగ సాయన్న, మియాసాబ్, బలమూరి కొండయ్య వంటి స్థానిక వీరుల కథలు వీరి వద్ద ఉన్నాయి.

ఈ కళాకారులు ఊరూరా తిరుగుతూ, ఆ ఊరివారు అడిగిన వీరుని కథను పాడతారు. శ్రోతలు కానుకగా ధాన్యమో, బట్టలో, డబ్బో ఇవ్వడం ఆనవాయితీ. ఒగ్గు కథ, చిందు భాగవతం వంటి ప్రదర్శనలలో కానుక ఇచ్చినవారి పేరును కథ మధ్యలో బిగ్గరగా చెప్పి దీవిస్తారు. దీనిని చదివింపులు అంటారు. కిన్నెర కథలకు ఒక్క రచయిత అంటూ ఉండడు. తండ్రి నుండి కొడుకు నేర్చుకొని, తన మాటలు కొన్ని చేర్చి పాడతాడు. అందుచేత ఇక్కడ కథ ఎవరిదన్న తగవు లేదు. అయితే అడిగేవారు లేకపోతే కథే పోతుంది. ఏ పుస్తకంలోను లేని కథకు గాయకుని జ్ఞాపకమే ఆధారం. శ్రోత అడగడం మానేస్తే ఆ జ్ఞాపకానికి పని లేకుండా పోతుంది.

నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంటకు చెందిన కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ పురస్కారం లభించింది. అదే సంవత్సరం విడుదలైన భీమ్లా నాయక్ చిత్రపు శీర్షిక గీతం ఆయన గొంతుతో మొదలవుతుంది. నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్ప 2024లో పద్మశ్రీ పొందాడు.

పద్యనాటకాలు, వన్స్ మోర్

తెలుగు రంగస్థలంపై శ్రోతల కోరికకు వన్స్ మోర్ అని పేరు. నటుడు పద్యం పాడి రాగాలాపన ముగించగానే ప్రేక్షకులు ఈలలు వేసి మళ్ళీ పాడమని కేకలు వేస్తారు. నటుడు కథను ఆపి పద్యాన్ని తిరిగి పాడతాడు. చనిపోయిన పాత్ర లేచి పద్యం పాడి మళ్ళీ పడిపోవడం గురించి నాటక ప్రియులు హాస్యంగా చెప్పుకొంటారు. కథాగమనం దెబ్బతింటుందని విమర్శకులు ఈ అలవాటును ఖండించారు. ప్రేక్షకులలో అధికులు మాత్రం కథ కొరకు గాక, తెలిసిన పద్యాన్ని ఈ నటుడు ఎలా పాడతాడో వినడానికే వచ్చేవారు.

ఎక్కువగా వన్స్ మోర్ అందుకున్నవాటిలో తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు నాటకాలలోని పద్యాలు ముఖ్యమైనవి. ఈ జంటకవులకు పాలమూరుతో సంబంధం ఉంది. వారు గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలను సందర్శించి అవధానాలు చేశారు. అవధానం కూడా ఒక విధంగా కోరికలను తీర్చే ప్రదర్శనే. అయితే అక్కడ పృచ్ఛకుడు పాత పద్యం అడగడు, అప్పటికప్పుడు కొత్త పద్యం చెప్పమంటాడు.

బలిజేపల్లి లక్ష్మీకాంతం రచించిన సత్య హరిశ్చంద్రీయం నాటకం కాటిసీనులో నటులు పాడే కొన్ని ప్రసిద్ధ పద్యాలు నిజానికి గుర్రం జాషువా రచించిన శ్మశానవాటి ఖండికలోనివి. నటులు వాటిని నాటకంలోకి తీసుకొనివచ్చారు. ప్రేక్షకుల ఆదరణ వలన అవి నాటకంలో విడదీయరాని భాగమైపోయాయి. వాటిని బలిజేపల్లి పద్యాలుగానే భావించిన శ్రోతలు ఎందరో ఉన్నారు.

ఉద్యమ గీతాలు

1946-51 మధ్య జరిగిన తెలంగాణ సాయుధ పోరాటానికి నల్గొండ జిల్లా ముఖ్య కేంద్రం. ఆ పోరాటంలో పాట ప్రచార సాధనంగా ఉపయోగపడింది. నల్గొండ జిల్లాకు చెందిన సుద్దాల హనుమంతు జనం నోట ఉన్న బాణీలను, గొల్లసుద్దులు వంటి కళారూపాలను తీసుకొని కొత్త సాహిత్యం కూర్చాడు. శ్రోతకు బాణీ ముందే తెలుసు కనుక పాటను వెంటనే అందుకొనేవాడు. ఆయన రచించిన పల్లెటూరి పిల్లగాడా పాట, బండి యాదగిరి రచించిన బండెనక బండి కట్టి పాట ఆ కాలపు గీతాలలో మిక్కిలి ప్రసిద్ధమైనవి.

గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో బి.నర్సింగరావు నిర్మించిన మాభూమి చిత్రంలో ఈ రెండు పాటలూ ఉన్నాయి. వాటిలో యాదగిరి పాటను గద్దర్ పాడి, తెరపై కూడా కనిపించాడు. ఆ తరువాత గద్దర్ (మరణం 2023) ఏ సభకు వెళ్ళినా జనం అడిగే పాటలలో ఇది ఒకటయింది. పాట ఆయనదేనని చాలామంది అనుకుంటారు. ఇందులో గాయకుని తప్పు లేదు. ఉద్యమ గీతాలలో కీర్తనలకు ఉన్నట్లు ముద్ర ఉండదు. రహస్యంగా పని చేసిన కాలంలో పేరు చెప్పుకోవడమే అపాయం. ఆ జాగ్రత్తే తరువాతి కాలంలో రచయిత పేరు మరుపునకు కారణమయింది.

1990వ దశకం చివర మలిదశ తెలంగాణ ఉద్యమంలో ఈ పాటలు మళ్ళీ వేదికలెక్కాయి. 1997లో భువనగిరిలోను, సూర్యాపేటలోను పెద్ద సభలు జరిగాయి. భువనగిరి ప్రాంతపు గాయని బెల్లి లలిత తన పాటతో జనాన్ని సమీకరించింది. ఆమె 1999 మే నెలలో హత్యకు గురయింది. 2002లో కామారెడ్డిలో మొదలైన తెలంగాణ ధూంధాం ప్రదర్శనలు తరువాత అన్ని జిల్లాలకు వ్యాపించాయి. డప్పు, గజ్జెలు, గొంగడి వీటి ప్రత్యేకత. ఒకరి పాటను మరొకరు పాడడం ధూంధాంలో సర్వసాధారణం. పాలమూరు జిల్లా గౌరారానికి చెందిన గోరటి వెంకన్న రచించిన పల్లె కన్నీరు పెడుతుందో పాట 2002 నాటి కుబుసం చిత్రం ద్వారా మరింత వ్యాప్తి చెందింది. వెంకన్న స్వయంగా పాడే కవి కనుక ఆయన పాటకూ పేరుకూ సంబంధం తెగలేదు. ఆయన వల్లంకి తాళం కవితా సంపుటికి 2021 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

ఆర్కెస్ట్రాలు, పెళ్ళి వేడుకలు

గణేశ నవరాత్రులు, దసరా ఉత్సవాలు, పెళ్ళి విందులలో సినిమా పాటలు పాడే బృందాలను ఆర్కెస్ట్రా అంటారు. ఒక గాయకుడు, ఒక గాయని, కీబోర్డు, తబలా లేక డోలక్, రిథం ప్యాడ్ వాయించేవారు ఉంటే చిన్న బృందం ఏర్పడుతుంది. ఘంటసాల, ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం వంటి గాయకుల గొంతును పోలినట్లు పాడేవారికి గిరాకీ ఎక్కువ. పెళ్ళి ఊరేగింపులో బ్యాండు మేళం వారు అడిగిన పాటను వాద్యాలపై వాయిస్తారు. ఊరేగింపులలో డీజే పెట్టెల వాడకం పెరిగిన తరువాత బ్యాండు మేళాలకు పిలుపులు తగ్గాయి.

ఆర్కెస్ట్రాలో కోరిక సాధారణంగా చీటీ రూపంలో వస్తుంది. శ్రోత పాట పేరు, తన పేరు కాగితంపై రాసి వేదికపైకి పంపుతాడు. రేడియోలో శ్రోతలు ఉత్తరాల ద్వారా పాటలు కోరే కార్యక్రమాల ప్రభావం ఇందులో కనిపిస్తుంది. ఆకాశవాణి వారి వివిధభారతి ప్రసారాలు 1957లో ప్రారంభమయ్యాయి.

కోరికలను నిర్వహించే పద్ధతులు

అనుభవం గల బృందాలు సాధారణంగా ఈ క్రింది పద్ధతులు పాటిస్తాయి.

క్రమం: చీటీలన్నీ ఒకరే తీసుకొని భక్తి గీతం, పాత పాట, జానపదం, హుషారు పాట అనే వరుసలో అమర్చుతారు. వచ్చిన వెంటనే పాడితే సభ నడక చెడిపోతుంది.

శ్రుతి: మూల గాయకుని స్థాయి అందకపోతే శ్రుతి తగ్గించి పాడతారు. బాణీ మాత్రం మార్చరు. శ్రోత అడిగినది తనకు తెలిసిన బాణీనే.

రాని పాట: సాహిత్యం సరిగా రాని పాటను పాడరు. అదే రచయిత లేక అదే చిత్రం నుండి వచ్చిన మరొక పాటను బదులుగా పాడతారు.

గుచ్ఛం: సమయం తక్కువగా ఉంటే నాలుగైదు పాటల పల్లవులు కలిపి పాడతారు. దీనివలన అందరి కోరికా తీరుతుంది గాని చరణాలు వినిపించవు.

నిరాకరణ: సంతాప సభలో హుషారు పాట, ఒక కులాన్ని గాని మతాన్ని గాని నొప్పించే పాట అడిగినప్పుడు నిర్వాహకుని ద్వారా మర్యాదగా కాదని చెబుతారు. డబ్బు చేతికివ్వకముందే ఈ మాట చెప్పడం మంచిది.

రచయిత పేరు: పాటకు ముందు రచయిత, స్వరకర్త, మొదట పాడినవారి పేర్లు చెప్పడం మంచి సంప్రదాయం. ముద్ర లేని పాటలకు ఈ ఒక్క వాక్యమే ముద్ర వంటిది.

చట్టం

భారత కాపీరైటు చట్టం (1957) ప్రకారం రచయిత మరణించిన తరువాతి సంవత్సరం నుండి 60 ఏళ్ళ వరకు రచనపై హక్కు ఉంటుంది. జాషువా 1971లో మరణించాడు గనుక ఆయన పద్యాలపై హక్కు 2031 చివరి వరకు, సుద్దాల హనుమంతు 1982లో మరణించాడు గనుక ఆయన పాటలపై హక్కు 2042 చివరి వరకు ఉంటాయి. ఎవరు రాశారో తెలియని జానపద కథలకు ఈ రక్షణ వర్తించడం కష్టం.

మతపరమైన కార్యక్రమాలలోను, ప్రభుత్వం జరిపే అధికారిక కార్యక్రమాలలోను పాటలు పాడడం చట్టంలోని 52వ సెక్షను ప్రకారం ఉల్లంఘన కాదు. పెళ్ళి ఊరేగింపు, పెళ్ళికి సంబంధించిన వేడుకలు కూడా మతపరమైన కార్యక్రమాల కిందికే వస్తాయి. టిక్కెట్టు పెట్టి జరిపే కచేరీలకు ఈ మినహాయింపు లేదు. అటువంటి ప్రదర్శనలకు అనుమతులు ఇచ్చి, రచయితలకు, స్వరకర్తలకు రాయల్టీ చేర్చే సంస్థ ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ 1969లో ఏర్పడింది. 2012 సవరణతో సినిమా పాటల రచయితలకు, స్వరకర్తలకు రాయల్టీలో వాటా హక్కు బలపడింది.

చట్టంలోని 57వ సెక్షను ప్రకారం రచన తనదని చెప్పుకొనే హక్కు, దానిని వికృతం చేస్తే అడ్డుకొనే హక్కు రచయితకు ఉంటాయి. రచనను అమ్మివేసినా ఈ హక్కులు పోవు. చట్టం ఈ హక్కును ఇచ్చినా, ఊరి సభలో రచయిత పేరు వినిపించడం మైకు పట్టుకున్నవారి పైనే ఆధారపడి ఉంటుంది.

ఇవి కూడా చూడండి

కిన్నెర
ఒగ్గు కథ
గొల్లసుద్దులు
సుద్దాల హనుమంతు
గోరటి వెంకన్న
బెల్లి లలిత
పద్యనాటకం
అవధానం
తెలంగాణ ధూంధాం