మందుకు లొంగని క్రిములు – మరల గుర్తుకొచ్చిన పాత వైద్యం

మన సభ్యులలో చక్కెర వ్యాధిగలవారు, కంటికో మోకాలికో ఆపరేషను చేయించుకున్నవారు ఎందరో ఉన్నారు. పుండు చీము పట్టకుండా, ఆపరేషను తరువాత జ్వరం ముదరకుండా మనలను కాపాడుతున్నవి యాంటీబయాటిక్ మందులు. అవి పనిచేయని రోజు వస్తే ఏమిటి గతి? ఈ ప్రశ్న వెనుక నూరేళ్ళు దాటిన చరిత్ర ఉన్నది.

1896లో ఆగ్రాలో ప్రభుత్వోద్యోగిగా ఉన్న ఎర్నెస్ట్ హాంకిన్ అనే శాస్త్రజ్ఞుడు గంగా యమునా జలాలలో కలరా క్రిములు త్వరగా నశించటం గమనించి ప్రకటించినారు. అదే నీటిని కాచి చూస్తే ఆ గుణం పోయినది. 1917లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో ఫెలిక్స్ డెరెల్ అనే ఆయన బాక్టీరియాను చంపే అతి సూక్ష్మమైన వైరస్‌ను గుర్తించి, దానికి ‘బాక్టీరియోఫేజ్’, అనగా బాక్టీరియాను తినేది, అని పేరు పెట్టినారు. హాంకిన్ చూసినది కూడా దీని ప్రభావమే అయి ఉంటుందని తరువాతివారు తలచినారు. డెరెల్ 1927లో మన దేశానికి వచ్చి పంజాబులో కలరా రోగులకు ఫేజ్ మందు ఇచ్చి చూసినారు. జార్జియా దేశపు టిబిలిసీ నగరంలో ఈ పరిశోధన కోసం 1923లోనే ఒక సంస్థ వెలసినది.

ఇంతలో పెన్సిలిన్ వచ్చినది. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ కనుగొన్న ఆ మందు రెండవ ప్రపంచయుద్ధ కాలంలో వాడుకలోకి వచ్చినది. 1948లో ఆరియోమైసిన్ వెలువడినది. అది తయారైన అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహించినవారు మన భీమవరంలో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు కావటం మనకు గర్వకారణం. అనేక రకాల క్రిములను చంపే ఈ మందుల ముందు ఫేజ్ వైద్యం పాశ్చాత్య దేశాలలో మరుగున పడినది. జార్జియాలో మాత్రం కొనసాగినది.

అయితే 1945లో నోబెల్ బహుమతి అందుకున్నప్పుడే ఫ్లెమింగ్ హెచ్చరించినారు. చాలీచాలని మోతాదులో వాడితే క్రిములు చావక, మందుకు అలవాటు పడతాయన్నారు. అదే జరిగినది. బ్రతికి బయటపడిన క్రిమి తన సంతతికే కాక, పక్కనున్న వేరే జాతి క్రిములకు కూడా ఆ శక్తిని అందించగలదు. 2019లో ఇటువంటి మొండి క్రిముల మూలంగానే ప్రపంచంలో సుమారు 12 లక్షల 70 వేల మంది మరణించినట్లు శాస్త్రజ్ఞుల అంచనా.

అందుచేత వైద్యులు మరల ఫేజ్ వైపు చూస్తున్నారు. 2016లో అమెరికాలోని శాన్ డియాగోలో ఏ మందుకూ లొంగని క్రిమి సోకి మృత్యుముఖంలో ఉన్న ప్రొఫెసర్ టామ్ ప్యాటర్సన్‌కు ఫేజ్‌లను నరంలోకి ఎక్కించగా కోలుకున్నారు. ఇందులో ఇబ్బందీ లేకపోలేదు. ఒక్కొక్క ఫేజ్ ఒక్కొక్క రకం క్రిమినే చంపుతుంది. తాళానికి తాళంచెవి వెతికినట్లు, రోగిలోని క్రిమికి సరిపోయేదానిని వెతకాలి. కనుక ఇది ఇంకా అందరికీ అందే వైద్యం కాలేదు.

అంతవరకు ఉన్న మందులను కాపాడుకోవటమే మార్గం. మన ప్రభుత్వం 2014లో కొన్ని ముఖ్యమైన యాంటీబయాటిక్‌లను హెచ్-1 షెడ్యూలులో చేర్చినది. వాటిని అమ్మినప్పుడు డాక్టరు పేరు, రోగి పేరు, మందు పరిమాణం రిజిస్టరులో వ్రాసి, మూడేళ్ళు భద్రపరచాలి. రిజిస్టరు విలువ మనకు ఒకరు చెప్పనక్కరలేదు గదా! పాత చీటీ చూపి మందు కొనవద్దు. జలుబుకు యాంటీబయాటిక్ అడగవద్దు. మిగిలిన మాత్రలు పొరుగువారికి ఇవ్వవద్దు. డాక్టరు చెప్పిన మోతాదు, చెప్పినన్ని రోజులు వాడండి. ఈ మందులు ఉమ్మడి ఆస్తి వంటివి. మనం దుబారా చేస్తే రేపు నష్టపోయేది మన మనుమలు, మనుమరాండ్రు.